ముందు లోకం, తర్వాత ఆటట!

బ్రహ్మదేవుడికి ఒక సౌకర్యం ఉండేది. సృష్టి చేస్తున్నంతసేపూ ఆయన్ని ఆపి ప్రశ్న అడిగినవాడు లేడు. అదే సౌకర్యం తమకూ ఉందనుకునే కొత్త బ్రహ్మలు ఇప్పుడు బయల్దేరారు. వాళ్ళే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించే గేమ్ మాస్టర్లు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట ఇది. నలుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు పాత్రలవుతారు, ఇరవై ముఖాల పాచిక జయాపజయాలు తేలుస్తుంది. తయారు లోకాలు బజార్లో దొరుకుతాయి. అయినా సొంత లోకం, వాళ్ళ మాటల్లో హోమ్‌బ్రూ, కట్టినవాడికే పరువు.

ఆ పరువు కోసం 10,000 ఏళ్ళ చరిత్ర, ఏడు రాజవంశాలు, మూడు చంద్రుళ్ళు ముందే రాసిపెడతారు. తీరా ఆటకొచ్చినవాళ్ళు మొదటి పూటే అడుగుతారు: "ఈ ఊళ్ళో భోజనం ఎక్కడ దొరుకుద్దండి?" అయ్యగారు కాగితాలు తిరగేస్తారు. ఆ ఒక్క పేజీ రాయలేదు!

దేశీయత కావాలంటారా? అదీ ఉంది. ఎల్ఫు పేరు కొట్టేసి గంధర్వుడని రాస్తారు. టావెర్న్ సత్రమవుతుంది. ఆ సత్రంలో మాత్రం బీరు పీపాలు అలాగే ఉంటాయి, మూల బల్ల దగ్గర ముసుగు మనిషి అలాగే కూర్చుంటాడు. ఏ ధర్మకర్త ఒప్పుకున్నాడో!

ఇక పటాలు. వీటికో శాసనం ఉంది: నదులు కలుస్తాయేగాని చీలవు. ఈ మాట ఒకసారి ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి చెప్పాలి. ఎగువన అఖండ గోదావరి. దిగువన గౌతమి ఒక పక్క, వశిష్ఠ ఇంకో పక్క. ఇంకా కిందికెళ్తే వశిష్ఠ నుంచి వైనతేయ. పాపం, గోదారికి ఆ శాసనం అందినట్టు లేదు. డెల్టాలకు మినహాయింపు ఉందండి అంటారు. ఆయ్, ఉంది. లక్షల కుటుంబాలు ఆ మినహాయింపులోనే వరి పండించుకుంటున్నాయి.

ఇక్కడ లోకం తిరగబడటానికి డ్రాగన్ రాలేదు. 1830ల కరువులు, 1839 తుపాను చూసిన నేల మీద 1847లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట మొదలైంది. ధవళేశ్వరం కొండ రాయి ఏటికి అడ్డుగా చేరింది. 1852కి పని ముగిసింది. కాలువలు, లాకులు, పడవలు వచ్చాయి. వాటితోపాటు ఎగువ రైతుకీ శివారు రైతుకీ నీటి తగాదా కూడా వచ్చింది. ఆ ఒక్క తగాదాతో ఏడాదిపాటు ఆట నడపొచ్చు. వరద కావాలంటే మూడు అంకెలు చాలు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీరు అంగుళం అంగుళం పెరుగుతుంటే లంక ఊళ్ళవాళ్ళు గొడ్లను ముందు గట్టెక్కించాలా, ముసలివాళ్ళనా? మీ మూడు చంద్రుళ్ళూ కలిసి ఇంత ఉత్కంఠ తేగలరా?

"టోల్కీన్ ముందు భాషలు కట్టలేదా?" అని అడ్డుపడతారు. కట్టాడు. ఆయన రాసింది నవల. ఆయన ఎదుట పాచికలు పట్టుకుని ఎవరూ కూర్చోలేదు.

మనకు సరిపోయే గురువు పక్కనే రాజమండ్రిలో ఉండేవాడు: కాశీమజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు. అందులో మణిసిద్ధుడు కాశీకి పోతుంటాడు, తోడుగా ఒక పశువుల కాపరి. మజిలీ మజిలీకీ ఆ కుర్రాడు ఏదో వింత చూసి, అదేమిటని అడుగుతాడు. అప్పుడే కథ. అడగనిదే రాజ్యమూ లేదు, రాజూ లేడు. అలా అడగ్గా అడగ్గానే పన్నెండు సంపుటాలయ్యాయి.

కాబట్టి లోకకర్తలూ, ఒక ఊరు, ఒక కాలువ, ఒక తగాదా పట్టుకుని కూర్చోండి. మిగతాది అడిగినప్పుడు చెప్పండి. ఎవరూ అడగని వంశవృక్షాలు రాసుకోవాలని ఉబలాటంగా ఉంటే రాసుకోండి, కాదనం. వాటిని వినిపించడానికి మాత్రం నలుగుర్ని ఆటకని పిలిచి కూర్చోబెట్టకండి.