రెండు లక్షల మైళ్ళ సూక్తి: సటీకం, సతాత్పర్యం

మూలం

“రెండు లక్షల మైళ్ళు తిరిగింది. ఆయిల్ మార్చడం తప్ప నేనేమీ చేయలేదు.”

అవతారిక

ఈ సూక్తికి ద్రష్టలు అనేకులు. ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో పాత టొయోటా టకోమా పికప్‌ని అమ్మజూపే ప్రతి యజమానీ దీన్ని తానే తొలిసారి దర్శించినట్టు పలుకుతాడు. పలికేటప్పుడు చెయ్యి బానెట్ మీద, చూపు ఎక్కడో దూరాన. మనవాళ్ళలోనూ వినాయక నిమజ్జనానికి బండి ఇచ్చి గుడి కమిటీలో పెద్దరికం సంపాదించిన అన్నయ్యలకు ఇది కంఠస్థం. కొలచెలమ మల్లినాథ సూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆ రెండు నియమాల్లో మొదటిది నేను పాటిస్తాను. రెండోది పాటిస్తే ఈ సూక్తికి వ్యాఖ్యే పుట్టదు.

ప్రతిపదార్థం

సుగమం.

వ్యాకరణ విశేషం

“నేనేమీ చేయలేదు” అన్నచోట నిషేధం దేనితో అన్వయిస్తుంది? క్రియతో కలిస్తే ప్రసజ్య ప్రతిషేధం, నామంతో కలిస్తే పర్యుదాసం. క్రియతో కలిపి చూద్దాం. అంటే ఆ బండికి ఎవరూ ఏమీ చేయలేదని అర్థం. ఇది పొసగదు. 2005 మోడల్‌నే తీసుకోండి. వెనక కమాన్ కట్టలు విరుగుతున్నాయని 2014లో కంపెనీ 2005–2011 మోడళ్ళలో దాదాపు 6 లక్షల 90 వేల టకోమాలను వెనక్కి పిలిచింది. చాసిస్ తుప్పు మీద నడిచిన దావాలో 2016లో రాజీకొచ్చింది. మూడు మోడళ్ళవి కలిపి దాదాపు 15 లక్షల బండ్లు ఆ రాజీ కిందికొచ్చాయి. దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా కట్టారు. కాబట్టి పర్యుదాసమే శరణ్యం: చేసినవాడు “నేను” కాని మరొకడు. కమాన్లు మార్చినవాడు మరొకడు, చాసిస్ మార్చినవాడు మరొకడు, బిల్లు కట్టినవాడూ మరొకడే. ఈ అన్వయంలో సూక్తి పరమ సత్యం. యజమానిని అనవసరంగా అనుమానించాం.

శాస్త్రార్థం

చాసిస్ ప్రసక్తి వచ్చింది కనుక కాస్త ఆగుదాం. 1995–2000 నాటి టకోమాలకు తుప్పు ముదిరి చాసిస్‌లో చిల్లులు పడుతుంటే, 2008లో కంపెనీ వాటికి 15 ఏళ్ళ పూచీ ఇచ్చింది. మరీ పుచ్చిన వాటిని మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి కొనుక్కుంది. ఆరోగ్యంగా ఉన్న బండికి లేని గిరాకీ రోగిష్టి బండికి దక్కింది. తర్వాతి మోడళ్ళకు కొత్త చాసిస్‌లే వేశారు: బాడీని పైకెత్తి, ఇంజిన్ దించి, అంతా తెచ్చి కొత్త ఉక్కు మీద బిగించారు.

ఇప్పుడు ఇది ఏ బండి? యవనరాజు మిళిందుడు రథమెక్కి వస్తే నాగసేన భిక్షువు ఇదే అడిగాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా? దేనికీ రాజు అవునని చెప్పలేకపోయాడు. అన్నీ కూడినప్పుడు పెట్టుకున్న పేరే రథమని తేలింది. బౌద్ధుల లెక్కలో టకోమా అనేది వెనక తలుపు మీది అక్షరాల్లోనే ఉంది. నైయాయికులు దీనికి ఒప్పుకోరు. అవయవాలు వేరు, అవయవి వేరు. అవయవం ఒకటి పోతే పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. గుడ్డలో ముక్క కత్తిరిస్తే మిగిలింది కొత్త గుడ్డే. ఈ మతంలో చాసిస్ మార్చిన రోజే పాత బండికి కర్మకాండ జరగాలి. ఒహాయోలో బండ్లు రిజిస్టర్ చేసే బీఎంవీ కౌంటర్లో ఒక నైయాయికుణ్ణి కూర్చోబెడితే బ్రేక్ ప్యాడ్ మార్చినప్పుడల్లా కొత్త రిజిస్ట్రేషన్ రాయాలి, మనం ఫీజు కట్టాలి. మీమాంసకుడైతే... ఎక్కడున్నాం? ఆ, అమ్మకం దగ్గర.

రెండు లక్షల మైళ్ళు తిరిగింది డాష్‌బోర్డు. కింద ఉన్న ఉక్కు అందులో ఎంత తిరిగిందో చెప్పే కాగితం అడిగితే నొచ్చుకుంటారు. ఈ రాష్ట్రాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పెట్టెలా మూసి ఉన్న ఉక్కు లోపలికి ఉప్పునీళ్ళూ బురదా చేరి, బయటికి కనిపించకుండా లోపలినుంచి తింటాయి. అందుకే టార్చీ, సుత్తీ పట్టుకుని కిందికి దూరాలి. వెనక కమాన్లు తగిలించిన చోట కొట్టి చూడాలి. బాగున్న ఉక్కు ఖంగుమంటుంది. పుచ్చినది మొద్దుగా పలికి, అప్పడం పెచ్చుల్లాంటి తుప్పుని మొహం మీద రాలుస్తుంది. ఒక్కోచోట అదీ రాలదు; నల్లటి అండర్‌కోటింగ్ తడి కూడా ఆరకుండా నిగనిగలాడుతూ ఉంటుంది. “ఇదెందుకు కొట్టించారండీ?” అంటే “బండంటే ప్రేమండీ!” అంటాడు. పదిహేనేళ్ళు లేని ప్రేమ అమ్మే వారంలోనే పొంగిందేం?

అలంకారం

అన్యమతాల వారి బండ్లలో అలంకారాలు ఎక్కువ. రెండు అలంకారాలు నువ్వులూ బియ్యంలా విడివిడిగా కనిపిస్తే సంసృష్టి, పాలూ నీళ్ళలా విడదీయరాకుండా కలిస్తే సంకరం. 2005–2010 నిస్సాన్ ఫ్రాంటియర్ సంకరానికి ఉత్తమ లక్ష్యం. అందులో గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లార్చే గొట్టాలు రేడియేటర్ లోపలే ఉంటాయి. అక్కడ చిల్లు పడితే కూలెంటూ గేర్ ఆయిలూ ఒకటై గులాబీ రంగు ద్రవం అవుతుంది. యజమానులు దాన్ని స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అంటారు. గేర్‌బాక్సు దాన్ని తాగి చస్తుంది.

పూర్వపక్షం

“ఎంతైనా మొండి బండి కాదా?” అంటారా? అవును, మొండిదే. 2005 తర్వాతి 4 లీటర్ల వీ6 ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ కాదు, చైన్ ఉంటుంది. దాన్ని మార్చే పని రాదు. కానీ అంతకు ముందరి 3.4 లీటర్ల వీ6కి 90 వేల మైళ్ళకోసారి బెల్ట్ మార్చాలి. ఆ ఇంజిన్ మీద ఎవరైనా ఈ సూక్తి చదివితే, ఆయన “తప్ప” అన్న మాటలో రెండు బెల్టులు ఇముడ్చుకున్నాడన్న మాట. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, బాల్ జాయింట్లు అన్నీ అందులోనే. అమ్మేవాడి చేతిలో ఉంటే అది మెయింటెనెన్స్. కొన్నవాడి చేతికొచ్చాక అదే రిపేరు.

ఇంకో సంగతి. లక్ష మైళ్ళకే చచ్చిన బండి యజమాని సూక్తులు చెప్పడు. టో ట్రక్కుకి డబ్బు కట్టి ఇంటికి పోతాడు. బతికిన బండ్లే మాట్లాడతాయి, వాటి మాటకే ధర కడతారు. ఆ ధర కట్టేది కొత్త బండి కొనే స్తోమత లేక వచ్చిన కుర్రాడు. వాడికి ఈ వేదాంతం అక్కర్లేదు, సర్వీసు రసీదులు కావాలి.

తాత్పర్యం

మీమాంసకులు స్తుతి వాక్యాలను అర్థవాదాలన్నారు. వాటికి సొంత అర్థం ప్రధానం కాదు. ఏదో ఒక విధి వైపు మనిషిని పురికొల్పడమే వాటి పని. ఈ సూక్తీ అలాంటిదే. దీని వెనకున్న విధివాక్యం: “చెప్పిన ధర ఇచ్చి తీసుకెళ్ళు. బేరం లేదు.”

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను బండి కింద వెల్లకిలా పడుకుని, చేత సుత్తి పట్టి పఠించినవారికి వేల డాలర్లు మిగులుతాయి. బానెట్ పక్కన చేతులు కట్టుకుని విన్నవారికి బండి దక్కుతుంది.