ఓసారి ముట్టుకుని చూడు

మన బళ్లలో, ఆఫీసుల్లో కరెంటు సామాన్లకు భద్రతా పరీక్షలు జరగవని ఎవరో గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. శుద్ధ అబద్ధం. రోజూ జరుగుతున్నాయి. హెడ్మాస్టారు వాటర్ కూలర్ దగ్గరకొస్తారు. గ్లాసు పట్టుకుని చెయ్యి చాస్తారు. ఏదో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటారు. "ఏమయ్యా, దీనికి మొన్న ఎర్త్ కొడుతోందన్నావు కదా, తగ్గిందేమో ఓసారి ముట్టుకుని చూడు" అంటారు. అటెండర్ ముట్టుకుంటాడు. వెనక్కి గెంతితే కూలర్ ఫెయిలు, కదలకుండా నిలబడితే పాసు. మూడో ఫలితం కూడా ఒకటుంది గానీ, అది వచ్చిన రోజు చెప్పడానికి అటెండర్ ఉండడు.

అనుభవమున్న అటెండర్ అరచెయ్యి పెట్టడు. వేళ్ల వెనకవైపు అలా తాకిస్తాడంతే. అరచేత్తో పట్టుకుంటే కండరాలు బిగుసుకుపోయి వదలనివ్వవని అతనికి ఏ శిక్షణలోనూ చెప్పలేదు, రిటైరైపోయిన పాత అటెండర్ చెప్పి వెళ్లాడు. నివేదిక ఇవ్వడానికి కూడా ఒక పద్ధతుంది. "కొంచెం జిల్లుమంటోంది సార్" అంటే వాడుకోవచ్చు. "లాగుతోంది సార్" అంటే పిల్లల్ని అటు వెళ్లొద్దనాలి. "గట్టిగా కొట్టింది సార్" అంటే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యాలి, వీలుంటే రేపు.

బడిలో ఈ పనికి అటెండర్ లేకపోతే ఎనిమిదో తరగతిలో కాస్త పొడుగ్గా, చురుగ్గా ఉన్న కుర్రాడు ఒకడు ఉండనే ఉంటాడు. "ఒరేయ్, వెళ్లి మోటర్ వేసి రా" అని పంపిస్తారు. వాడు మహా గర్వంగా వెళ్తాడు, తడికాళ్లతో.

బడి కమిటీవాళ్లకు ఈ భయాలేమీ లేవు. "ఎంసీబీలు పెట్టించాం కదండీ" అంటారు. పెట్టించారు, సంతోషం. అయితే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి దాదాపు 40 మిల్లీ యాంప్స్ కరెంటు తీసుకుంటుంది. అందులో ముప్పాతిక వంతు, అంటే 30 మిల్లీ యాంప్స్, మనిషి గుండె మీదుగా కాసేపు పారితే చాలు, ప్రాణం మీదికొస్తుంది. 6 యాంప్స్ ఎంసీబీకి 6 యాంప్స్ దాటితే గానీ ఏదో జరుగుతోందన్న అనుమానమే రాదు. ఆ 30కి ఇది 200 రెట్లు. దాని ఉద్యోగం వైరు కాలిపోకుండా చూడటం. సర్వీస్ రూల్స్ ప్రకారం మనిషి దాని పరిధిలోకి రాడు.

మనిషిని చూసుకునేది వేరే ఉంది. ఆర్‌సీసీబీ అంటారు, పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి రాకపోతే, దారిలో 30 మిల్లీ యాంప్స్ ఎటో జారిపోతే, కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. దాని ముఖాన 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడమని తయారుచేసినవాళ్లే చెబుతారు. నొక్కగానే టక్కున పడిపోతే అది బతికి ఉన్నట్టు. పరికరం అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు, కాంట్రాక్టర్ అసలే అక్కర్లేదు. బహుశా అందుకేనేమో ఆ బటన్‌ను ఈ దేశంలో ఎవరూ నొక్కరు. ఎందుకు నొక్కలేదయ్యా అంటే, "నొక్కితే కరెంటు పోతుంది కదా సార్" అంటారు.

వానాకాలం వచ్చిందంటే ఈ ఆర్‌సీసీబీకి కష్టకాలమే. గోడ చెమ్మగిల్లుతుంది, ఎక్కడో వైరు నాని లీకవుతుంది, ఇది పడిపోతుంది. ఎత్తితే మళ్లీ పడిపోతుంది. కంప్యూటర్లు ఆగిపోతాయి, మేనేజర్‌గారికి కోపం వస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి లీకు సంగతి వదిలేసి దాన్నే తప్పించి, వైరు డైరెక్ట్‌గా ఇచ్చేసి వెళ్లిపోతాడు. "ఇక పడదు సార్!" ఆ భవనంలో నిజం చెబుతున్న ఒకే ఒక్క ఉద్యోగిని అలా లూప్‌లైన్‌కు పంపేశారు.

అసలు చిక్కంతా ఎర్త్ వైరుతో ఉంది. ఫేజు తెగితే ఫ్యాను ఆగుతుంది, న్యూట్రల్ తెగినా ఆగుతుంది, గోలగోలవుతుంది. ఎర్త్ తెగితే ఏమీ కాదు. ఫ్యాను హాయిగా తిరుగుతుంది, కూలర్ చల్లటి నీళ్లిస్తుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. జేబులో పెన్నులా పెట్టుకు తిరిగే టెస్టర్‌కూ ఆ సంగతి పట్టదు. ఫేజులో పెట్టి చూస్తే బుజ్జి బల్బు వెలుగుతుంది, "కరెంటు ఉంది" అంటాడు ఎలక్ట్రీషియన్. ఉన్నది కరెంటు, లేనిది ఎర్త్. లేనిది పరీక్షిస్తేనే తెలుస్తుంది, లేదా కూలర్ లోపల వైరు ఒరుసుకుని బాడీకి తగిలిన రోజు తెలుస్తుంది.

ఏ ఆఫీసులోనైనా సరే, ఒకసారి బల్ల కింద వంగి చూడండి. తెల్లగా ఉండాల్సిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక మూల గోధుమ రంగు తిరిగి ఉంటుంది. దాని మీద రాసున్నది 6 యాంప్స్. దానికి పెట్టింది 1500 వాట్ల కెటిల్, అదొక్కటే ఆరున్నర లాగుతుంది. పక్కన ప్రింటర్, మూడు చార్జర్లు. ఆ పక్కన టేబుల్ ఫ్యాను, దానికి ప్లగ్గే లేదు. రెండు వైర్ల తోలు పళ్లతో లాగేసి, హోల్సులో దూర్చి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చారు. కరెంటు సామానుకు అగ్గిపుల్ల ఆసరా ఇవ్వాలన్న ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో గానీ, ఆయన చాలా దూరం ఆలోచించినట్టే. మూడు పిన్నుల ప్లగ్గు సాకెట్‌లో పట్టకపోతే పైనున్న లావు పిన్ను కోసేస్తారు. అదే ఎర్త్ పిన్ను. మిగతా రెండింటికన్నా పొడుగ్గా పెట్టింది అన్నిటికంటే ముందు అదే తగలాలని, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే వదలాలని. ఇంతలో ఆయమ్మ తడిగుడ్డ పట్టుకుని వస్తుంది, "కాళ్లు పైకి పెట్టుకోండి బాబూ" అంటుంది. కాళ్లు పైకెత్తుతారు. బాక్సు కిందే ఉంటుంది.

చట్టం లేదా అంటే, లేకేం? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో నిబంధనలు రాసింది, 2023లో కొత్తగా మళ్లీ రాసింది. ఐదేళ్లకు మించకుండా తనిఖీ జరగాలి. మెగ్గర్ అనే పరికరం పెట్టి 500 వోల్టులు ఇచ్చి చూస్తే ఇన్సులేషన్ కనీసం ఒక మెగోమ్ చూపించాలి. రాష్ట్ర ప్రభుత్వం గీసిన వోల్టేజీ గీతకు లోపలున్న కనెక్షన్లకైతే ఇన్‌స్పెక్టర్ రానక్కర్లేదు, యజమానే పరీక్షించుకుని, బాగానే ఉందని తనకు తానే రాసిచ్చుకోవచ్చు. పదో తరగతి పిల్లలకు ఈ సౌకర్యం ఎందుకివ్వలేదో తెలియదు. మెగోమ్‌లు ఎన్నో రాయాల్సిన గడిలో "బాగుంది" అని రాసి సంతకం చేసే యజమానిని మెగ్గర్ ఏదని అడిగితే, "ఎవరాయన?" అంటాడు.

బ్రిటన్‌లో ఇలా కాదట. అక్కడ పనిచేసే మనవాళ్లు సెలవులకొచ్చినప్పుడు కథలు కథలుగా చెబుతారు. బళ్లలో, ఆఫీసుల్లో ప్రతి ప్లగ్గుకూ పరీక్ష, పాసైతే ఆకుపచ్చ స్టిక్కర్, దాని మీద తేదీ. 1989లో తెచ్చిన నిబంధనల పుణ్యం. కాకపోతే ఒక సంగతి ఉంది. ఏటా పరీక్షించాలని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. ప్రమాదం లేకుండా చూసుకోండి, ఎన్నాళ్లకోసారి చూడాలన్నది వస్తువును బట్టి, వాడే చోటును బట్టి మీరే తేల్చుకోండి అంటాయంతే. రోజూ ఈడ్చి వాడే డ్రిల్లింగ్ మెషిన్‌కూ, కదలకుండా కూర్చున్న కంప్యూటర్‌కూ ఒకే లెక్క కాదు. ఏటా స్టిక్కర్ వేయించుకోవడమే చట్టమని పరీక్షలు చేసే కంపెనీలు నమ్మబలికితే, జనం నమ్మి డబ్బులు కట్టారు. చివరికి అక్కడి భద్రతా శాఖే ముందుకొచ్చి, అయ్యా అలాంటి రూలేమీ లేదు, చాలా లోపాలు కళ్లు పెట్టి చూస్తేనే కనబడతాయని చెప్పుకోవాల్సి వచ్చింది.

వాళ్లకు స్టిక్కర్, మనకు బొట్టు. ఆయుధపూజ నాడు వర్క్‌షాపుల్లో, ఆఫీసుల్లో ఏడాదికోసారి ప్రతి మెషిన్నీ తుడుస్తారు, తడిగుడ్డతోనే. మెయిన్ బోర్డుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. స్టార్టర్ డబ్బా ముందు కర్పూరం. ఆ పక్కనే కొబ్బరికాయ కొడితే సగం నీళ్లు ప్రసాదానికి, సగం ప్యానెల్ లోపలికి. నేను పూజకు వ్యతిరేకిని కాను. మెషిన్ వెనక్కి మనిషన్నవాడు వెళ్లేది ఏడాది మొత్తంలో ఆ ఒక్కరోజే. బొట్టు పెట్టేవాడు పనిలో పనిగా వైరు ఒరుసుకుపోయిందా, ప్లగ్గు పగిలిందా, ఎక్కడన్నా నల్లగా మాడిందా అని చూశాడంటే బ్రిటన్‌వాళ్లు చూడమన్న దాంట్లో సగం పైగా అయిపోయినట్టే. చూడడు. ప్రసాదం చల్లారిపోతుందని తొందర.

ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తోందంటే మాత్రం కదలిక వస్తుంది. ఎర్త్ పిట్ మూతకు ఎర్రరంగు, పక్కన బోర్డు, బోర్డు మీద నంబరు. లోపల ఉప్పు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది, ఎండాకాలం నీళ్లు పోసినవాడు లేడు, రాగిపట్టీని ఎవరో కోసుకుపోయి పాత సామాన్ల కొట్లో అమ్ముకున్నారు. షాక్ కొట్టినవాడికి ప్రథమ చికిత్స ఎలా చెయ్యాలో స్థానిక భాషలో కూడా రాసిపెట్టాలని రూలుంది కాబట్టి అద్దాల ఫ్రేములో చార్టూ ఉంటుంది. ఆ అక్షరాలు చదవాలంటే ప్యానెల్ మీదికి ఒరగాలి.

2021లో ఈ దేశంలో కరెంటు షాక్ కొట్టి పోయినవాళ్లు 12 వేలకు పైనే. ఇక అగ్నిప్రమాదాల సంగతంటారా, వాటన్నిటికీ కారకుడు ఒక్కడే, షార్ట్ సర్క్యూట్. బట్టల కొట్టు కాలినా, రికార్డు రూము కాలినా "ప్రాథమిక అంచనా" వాడి పేరే చెబుతుంది, మా పత్రికలవాళ్లమూ మారుమాట్లాడకుండా అచ్చేస్తాం. ఆ వైరును ఆఖరిసారి ఎవరు చూశారని అడగం. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంటే సిబ్బంది వచ్చి బాగుచేశారు. క్రింపింగ్ మెషిన్ లేకుండా, కేబుల్ సాకెట్‌ను సుత్తితో కొట్టి బిగించారు. కరెంటు వచ్చింది, అంటే బాగయినట్టే. మధ్యాహ్నం ఆట నడుస్తుండగా ఆ బిగింపు ఊడింది. 59 మంది పోయారు. ఆ కేసులో కోర్టులు ఏళ్లతరబడి రాసిన వందల పేజీల్లో ఆ సుత్తి కూడా ఉంది.

ప్రమాదం జరిగాక మాత్రం మన వ్యవస్థ చురుగ్గా ఉంటుంది. తనిఖీకి ఐదేళ్లు గడువిచ్చిన చట్టమే, ప్రమాదం సమాచారం 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు అందాలంటుంది, రాతపూర్వక నివేదిక 48 గంటల్లో రావాలంటుంది. దానికో ఫారం ఉంది. ప్రమాదం ఎలా జరిగింది, ఎవరు చూశారు, అన్నీ అడుగుతుంది. ప్రమాదానికి గురైన వ్యక్తికి ఇచ్చిన, అతను వాడిన రక్షణ సామగ్రి ఏమిటో రాయమంటుంది, రబ్బరు గ్లౌజుల్లాంటివి. గుమస్తా ఆ గడి దగ్గర ఆగి, కలం ఎత్తి, "ఏం రాయమంటారు సార్?" అని అడుగుతాడు. పెద్దసారు చాలాసేపు ఆలోచించి చెబుతారు.

"హవాయి చెప్పులు అని రాయవయ్యా. బ్రాకెట్లో సొంతవి అని పెట్టు, లేకపోతే ఆడిట్‌లో బిల్లు అడుగుతారు."