వదిలేసి పోయినోడు

బొగ్గుబాయి కాలనీలో కుక్కను సాదడమంటే మూడు షిఫ్టులతో వేగడమే. పొద్దున ఏడింటికి ఫస్ట్ షిఫ్ట్, మధ్యాహ్నం మూడింటికి సెకండ్ షిఫ్ట్, రాత్రి పదకొండుకు నైట్ షిఫ్ట్. ఇంటి మనిషి ఒక వారం చీకటితో లేచి పోతాడు, ఇంకో వారం తెల్లారినంక వచ్చి పడుకుంటాడు. కుక్క కడుపుకు షిఫ్టులు లేవు. దానికి వేళకు తిండి కావాలి, వేళకు బయట తిప్పాలి. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషికి కళ్లు మూతలు పడే సమయానికే కూరగాయల బండి క్వార్టర్ల లైన్లోకి వస్తుంది, కుక్క అందుకుంటుంది. ఒకే గోడకు అటూ ఇటూ క్వార్టర్లు. ఆ మొరుగుడుకు గోడ అవతల ఇంకో నైట్ షిఫ్ట్ మనిషి కూడా లేచి కూర్చుంటాడు.

యైటింక్లయిన్ కాలనీలో మా మేనమామ ఇంట్లో ఉండి గోదావరిఖనిలో డిగ్రీ చదివాను కాబట్టి ఇవన్నీ దగ్గరి నుంచి చూశాను. మామ భూగర్భ గనిలో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం ఆపరేటర్. ఒళ్లు వంచి పనిచేసే మనిషి, మాట మాత్రం కత్తి. జిమ్మిని ఆయన కొనలేదు, తెచ్చుకోలేదు. అదే వచ్చింది.

2018 మే నెల. పక్క క్వార్టర్ పెద్దాయన రిటైరయ్యాడు. ఇప్పుడు సింగరేణిలో రిటైర్మెంటు 61 ఏళ్లకు, 2021లో పెంచారు. అప్పుడు 60కే. ఆయన ఎవరితోనూ పెద్దగా కలిసే మనిషి కాదు. ఒక తెల్లవారుజామున డీసీఎం వ్యానులో సామాన్లు ఎక్కించుకుని సుల్తానాబాద్ దగ్గరి సొంతూరికి వెళ్లిపోయాడు. రిటైరయ్యాక క్వార్టర్ అప్పగించాల్సిందే, ముప్పై ఏళ్లున్నా అది మన ఇల్లు కాదు. ఆయన ఇంట్లో గోధుమరంగు ఊరకుక్క ఒకటి ఉండేది. మెడ కింద, కడుపు మీద తెల్ల మచ్చలు. అదే జిమ్మి. ఆయన వెళ్లిన నాలుగో రోజు పొద్దున తాళం వేసిన గేటు ముందు పడి ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాలుగు పాదాల మెత్తలూ పగిలి నెత్తురు కారుతోంది.

అత్తమ్మ గిన్నెలో పాలు పోసి, పాదాలు కడిగి పసుపు అద్దింది. ఫస్ట్ షిఫ్ట్ చేసొచ్చిన మామ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"తిండిబెట్టినోనికి నాలుగు రోజులు గేటుకాడ కావలి గాసింది సూడు. గసొంటోడు మనిషేనా?"

రెండు రోజులకు ఆ పెద్దాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మామ ఎత్తి, అవతల "తమ్మీ, జిమ్మి..." అన్న మాట పూర్తికాకముందే అందుకున్నాడు. నోరులేని జీవాన్ని ఎండల పారేసి పోయినోనితో నాకు మాటల్లేవని, మళ్లీ ఫోన్ చేస్తే బాగుండదని అరిచి పెట్టేశాడు. అత్తమ్మను కూడా ఎత్తనివ్వలేదు. ఆ రోజు నుంచి లైన్లో ఆ పెద్దాయనకు పేరే లేకుండా పోయింది. 'కుక్కను వదిలేసి పోయినోడు', అంతే. ఆ మాట ఎట్లా అతుక్కుందంటే, లైన్లో ఎవరు రిటైరైనా చాయ్ తాగుతూ ఆయన కథ ఒకసారి చెప్పుకునేవాళ్లు. చిన్నపిల్లలకు కూడా తెలుసు.

జిమ్మిని సాదిన ఏళ్లలో అత్తమ్మ పడ్డ కష్టం చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే.

అన్నిటికన్నా పెద్ద కష్టం బ్లాస్టింగ్. ఓపెన్‌కాస్ట్ గనిలో బండ మీద వరుసగా బోర్లు వేసి, మందు కూరి, పగటి పూట పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది. తర్వాత కాళ్ల కింద నేల అదురుతుంది, షెల్ఫులో గ్లాసులు గల్లుమంటాయి. పుట్టి పెరిగిన వాళ్లకు అది అలవాటు. కుక్కకు అలవాటు కాదు. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన ధ్వని వినపడదు, కుక్క దాదాపు 45,000 దాకా వింటుంది. మనకు వినపడే మోత కూడా దానికి మనకన్నా చాలా దూరం నుంచే అందుతుంది. సైరన్ మోగీ మోగకముందే జిమ్మి మంచం కిందికి దూరేది. ఒళ్లంతా వణుకు, నోట్లోంచి చొంగ. మొదట్లో మామ మెడపట్టీ పట్టి బయటికి గుంజేవాడు. పశువుల దవాఖానాలో పనిచేసి రిటైరైన కాంపౌండరొకాయన చెప్పాకే ఆపాడు: భయపడ్డ కుక్కను గుంజొద్దు, కొట్టొద్దు, అది దాక్కున్న చోట దాక్కోనివ్వాలి. అత్తమ్మ మంచం కింద గోనెసంచి పరిచి, మూడు వైపులా పాత చీర కట్టింది. వేళకు టీవీ కొంచెం పెద్దగా పెట్టేది. వణుకు పూర్తిగా పోలేదు కానీ తగ్గింది. నైట్ షిఫ్ట్ వారాల్లో మంచం మీద మామ, మంచం కింద జిమ్మి. ఇద్దరి గురకా వినపడేది.

తర్వాత ఎండ. మా దిక్కు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. గనులు, థర్మల్ ప్లాంటు, బండనేల, అన్నీ కలిసి రాత్రి కూడా వేడిని వదలవు. మనిషికి ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల్లో మాత్రమే, ఒంట్లో వేడి పోవాలంటే నాలుక చాపి రొప్పాల్సిందే. ఎండాకాలం జిమ్మిని ఫస్ట్ షిఫ్ట్ వాళ్లతోపాటే, పొద్దు పొడవకముందే తిప్పి తెచ్చేవాళ్లు. తారురోడ్డు మీద మన చేతి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే, ఆ రోడ్డు మీద కుక్కను నడిపించొద్దని కాంపౌండర్ చెప్పిన లెక్క. అత్తమ్మ రోజూ వంగి రోడ్డు మీద చెయ్యి పెట్టి చూసేది. జిమ్మి వచ్చిన రోజు చూసిన పాదాలు ఆమె మరిచిపోలేదు.

తిండి ఇంకో తంటా. ఇంట్లో ఉల్లిగడ్డ లేని కూర ఉండదు, అదేమో కుక్క రక్తంలో ఎర్ర కణాలను దెబ్బతీస్తుంది. ఆదివారం కోడికూర వండితే జిమ్మి ముక్కలు ఉల్లిగడ్డ వేయకముందే వేరే గిన్నెలో ఉడికేవి. ఉడికిన బొక్క పెట్టేది లేదు, అది విరిగితే మొనదేలి పేగులో గుచ్చుకుంటుంది. చుట్టాలొచ్చి ప్రేమగా బొక్క విసిరితే అత్తమ్మ పరుగెత్తుకుంటూ వెళ్లి నోట్లోంచి తీసేది. వాళ్లకు కోపం వచ్చినా లెక్క చేసేది కాదు.

బొగ్గుదుమ్ము సంగతి వేరే చెప్పాలా? తెల్ల మచ్చలు ఏనాడూ తెల్లగా ఉండేవి కావు. రోజూ స్నానం చేయిస్తే చర్మం పొడిబారి గోక్కుంటుందని తడిబట్టతో తుడిచేవాళ్లు. రెండేళ్లకోసారి సమ్మక్క జాతర వస్తుంది. గోదావరి ఒడ్డున గోలివాడకో, మేడారానికో లైన్ లైనంతా కదులుతుంది. జిమ్మి వచ్చాక మామ, అత్తమ్మ కలిసి జాతరకు పోయింది లేదు. ఒకసారి ఈయన, ఇంకోసారి ఆమె. మొక్కుబడికి ఇద్దరూ కలిసి పోవాలని చుట్టాలు దెప్పినా వినలేదు.

ఒక ఏడు లైన్లో కుక్కపిల్లలకు పార్వో వచ్చింది. నెత్తురు విరేచనాలు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతా పాకిన వైరస్ అది. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు నాలుగు ఇళ్లలో పోయాయి. జిమ్మికి ఏమీ కాలేదు. ఎందుకంటే దానికి సూదులు తప్పలేదు. జూలై మొదటి వారం వచ్చిందంటే కాంపౌండర్ బండి గేటు ముందు ఆగేది. ఐసు డబ్బాలోంచి రెండు సూదులు తీసేవాడు. ఒకటి రేబిస్‌ది. 1885 జూలై 6న పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి పిచ్చికుక్క కాటుకు టీకా వేయించాడు. ఆ గుర్తుగా ఏటా ఆ రోజు సర్కారు పశువుల దవాఖానాల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం కాబట్టి ఆ టీకా కుక్కకు ఎంత అవసరమో ఇంటివాళ్లకూ అంతే అవసరం. రెండో సూది పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులన్నిటికీ కలిపి. అది మందుల షాపులో కొనాలి, ధర తక్కువేమీ కాదు. మామ జేబులో చెయ్యి పెడితే కాంపౌండర్ వద్దనేవాడు.

"గిది సర్కారు సూదేనాయె, పైసలెందుకు తీసుకుంటడు" అని మామ మాతో అనేవాడు. చాయ్ పోయించి, ఆనవాయితీగా పక్క క్వార్టర్ వైపు చెయ్యి చూపి, వదిలేసి పోయినోని కథ ఎత్తుకునేవాడు. కాంపౌండర్ చాయ్ సగంలో వదిలి లేచేవాడు.

2025 వేసవిలో మామ రిటైరయ్యాడు. సన్మానంలో మెడలో దండతోనే మైకు తీసుకుని అన్నాడు: "మా జిమ్మి మాతోనే వస్తది. నేను వదిలేసి పోయేటోన్ని గాను." అందరూ చప్పట్లు కొట్టారు. డీసీఎం ముందు సీట్లో, మామకూ అత్తమ్మకూ మధ్య జిమ్మి. సెంటినరీ కాలనీ మీదుగా మంథని అవతల ఊరికి. అక్కడ పెద్ద వాకిలి, వేపచెట్టు, పక్కనే చెరువు. బ్లాస్టింగ్ లేదు, బొగ్గుదుమ్ము లేదు. అత్తమ్మ మంచం కింద గోనెసంచి కూడా పరిచింది.

వారం తిరక్కుండానే జిమ్మి కనపడలేదు. ఊరంతా, చెరువు చుట్టూ వెతికారు. మూడో రోజు మామ ఖాళీ చేసిన క్వార్టర్లోకి దిగిన కుర్రాడు ఫోన్ చేశాడు. కారుణ్య నియామకంలో తండ్రి ఉద్యోగం వచ్చిన పిల్లవాడు, ఇద్దరు చిన్న పిల్లలు. "మామా, మీ కుక్క గేటుకాడ పండుకున్నది. కాళ్లు మొత్తం పగిలినయ్."

మామ ఆటో మాట్లాడుకుని వెళ్లి తెచ్చాడు. పుళ్లు మానేదాకా కట్టేసి ఉంచాడు. అది తిండి ముట్టలేదు. విప్పిన మర్నాడే మళ్లీ పోయింది. మళ్లీ అదే గేటు. తొమ్మిదేళ్ల కుక్క, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు.

ఈసారి మామకు తోడుగా నేనూ వెళ్లాను. జిమ్మి మామను చూసి తోక ఊపింది, చేతులు నాకింది, కానీ గేటు దాటి రాలేదు. కుర్రాడి చిన్నపిల్ల దాని పక్కన కూర్చుని పెరుగన్నం కలిపి పెడుతోంది. "ఉండనియ్ మామా, మేం సూస్కుంటం" అన్నాడు కుర్రాడు. అప్పటికే లైన్లో వాళ్లు గేట్ల దగ్గర నిలబడ్డారు. ఎదురింటి అవ్వ, పాపం మనసులో ఏమీ లేకుండానే, గట్టిగా అడిగింది: "ఏందిరా, నువ్వు గూడ వదిలేసి పోతున్నవా?"

మామ నోట మాట రాలేదు. ఆయనకు జవాబు దొరకని రోజు నాకు తెలిసి అదొక్కటే.

బస్టాండు దాకా వచ్చాక, ఆ పెద్దాయన నంబరు సంపాదించమన్నాడు. రిటైరైన కార్మికుల్లో ఒకరి దగ్గర దొరికింది. మామకు చేతులు వణుకుతున్నాయి, నేనే కలిపి స్పీకర్ పెట్టాను.

"అన్నా... నేను, పక్క క్వార్టరు..."

"గొంతు గుర్తువట్టిన తమ్మీ. మంచిగున్నవా? చెల్లె మంచిగున్నదా?"

"జిమ్మి మా ఊళ్లె నిలుస్తలేదన్నా. రెండుపాలు తీస్కపోతే రెండుపాలు ఉరికొచ్చింది."

"నిలువది తమ్మీ. నేను గూడ డీసీఎంల ఎక్కించుకొనే పోయిన. దిగిన రాత్రే తాడు కొరుక్కొని పోయింది. ఎక్కడికి పోతదో నాకెరుకే, బస్సెక్కి వచ్చిన. మీ లైన్ మూలమీద నిలవడి సూస్తే చెల్లె దాని కాళ్లకు పసుపు రాస్తున్నది. గా కాళ్లతోటి దాన్ని మళ్ల గుంజుకపో బుద్ధిగాలె. గది చెప్దామనే ఫోన్ జేసిన."

మామ రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డాడు. ఏదో అనబోయాడు, గొంతు పెగల్లేదు. అవతల పెద్దాయనే మళ్లీ అందుకున్నాడు, ఏమీ జరగనట్టు:

"దిగులువడకు. క్వార్టర్ల కొత్తగ దిగిన పిలగాడు ఎట్లున్నడు, మంచోడేనా? ఆయన్ను గూడ పైసలు అడగద్దని కాంపౌండర్‌కు చెప్త తీయ్. ఈ జూలై సూది పైసలు ఎప్పటి లెక్కనే నిన్ననే పంపిన."