శాలువాల సంబంధం

ప్రయోగశాలకూ పరిశ్రమకూ ముడి వేయమని సర్కారు 2017లో హైదరాబాద్‌లో ‘రిచ్’ అనే పెళ్లిళ్ల పేరయ్యను కూర్చోబెట్టింది. మంచిదే. ఇటు నాగర్‌కర్నూలు జిల్లాలో పాలెం పరిశోధన కేంద్రం ఎప్పుడో పీసీహెచ్-111 ఆముదం హైబ్రిడ్‌ను పుట్టించింది. ఆ నూనె సబ్బుల్లోకి, రంగుల్లోకి, యంత్రాల గ్రీజులోకి పోతుంది. వంక పెట్టడానికి వీల్లేని పిల్ల! నూనె మిల్లులు మాత్రం ఎక్కువగా గుజరాత్‌లో ఉన్నాయి.

తెలకపల్లిలో ఆముదం గెలలు ఎండబోస్తున్న రైతు, ఒప్పందాల సదస్సు నుంచి వచ్చిన సారును అడిగిండు:

“సారూ, ఎంఓయూ అంటే ఏంది?”

“రెండు పక్షాలూ శాలువాలు కప్పుకొని ఫొటో దిగుడు.”

“మరి కాంటా ఎప్పుడు పెడ్తరు?”

ఇంతలో సారు ఫోను మోగింది. ఇంకో సదస్సట, భోజనం కూడా అక్కడేనట.