నార్మలే సార్!

కొత్త కారు మూడో గేరులో కూస్తోందని చెప్పి చూడండి. సర్వీస్ అడ్వైజర్ గారు బానెట్ ఎత్తకముందే తీర్పు చెప్పేస్తారు: "నార్మలే సార్!"

ఈ తీర్పు వినడానికి మన అడవి అంచు జనం పడే పాట్లు చూడాలి. చర్ల, దుమ్ముగూడెం నుంచి బయల్దేరి భద్రాచలం వంతెన దాటి, సారపాక, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా లారీల వెనక దుమ్ము మింగుతూ ఖమ్మం సర్వీస్ సెంటర్ చేరాలి. ఒక్క భద్రాచలం నుంచే దాదాపు 120 కిలోమీటర్లు. దారంతా గేర్‌బాక్స్ కూస్తూనే ఉంటుంది. తీరా వెళ్లాక అడ్వైజర్ గారు స్టీరింగ్ పట్టి, అద్దాలన్నీ ఎత్తి, ఏసీ ఫుల్లుగా పెట్టి, బైపాస్ మీద ఒక చుట్టు తిప్పి "నాకేం వినపడట్లేదే" అంటారు. మనం ఏసీ కట్టేసి, అద్దం దించి వినిపిస్తే, "ఓ, ఇదా! ఈ మోడల్ బండ్లన్నిటికీ ఉంటుంది సార్." అందరికీ ఉంది కాబట్టి జబ్బు కాదన్నమాట! ఆ లెక్కన ఏజెన్సీలో వానాకాలం వచ్చే మలేరియా కూడా నార్మలే.

నార్మల్ శబ్దాలు లేవని కాదు. మాన్యువల్ బండిలో రివర్స్ గేరు పళ్లు సాధారణంగా నిటారుగా ఉంటాయి, అందుకే వెనక్కి వెళ్లేటప్పుడు ఆ కూత. కొన్ని ఏఎంటీ బండ్లలో డోరు తీయగానే పంపు గుర్రుమంటుంది. అవి సహజమే. కానీ న్యూట్రల్‌లో గరగరలాడి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ముందు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని అనుమానించాలి. ఒక్క గేరులోనే వేగంతో పాటు కూత పెరిగితే ఆ గేరు పళ్లు చూడాలి. అడ్వైజర్ గారికి ఇవి తెలియవా? గేర్‌బాక్స్ దింపి ఖర్చు రాబట్టాలంటే కంపెనీ క్లెయిమ్ ఒప్పుకోవాలి. నార్మల్ అనడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

పైగా ఈ నార్మల్‌కి వయసు ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లప్పుడు "బండి ఫ్రీ అవ్వాలి సార్". పదివేలప్పుడు "నార్మలే సార్". వారంటీ తీరిన మర్నాడు "గేర్‌బాక్స్ దింపాల్సిందే సార్, ఎస్టిమేట్ వేయమంటారా?" శబ్దం మాత్రం మొదటిరోజుదే.

మరీ గట్టిగా నిలదీస్తే బ్రహ్మాస్త్రం తీస్తారు: "మీరు ఏ రోడ్ల మీద తిప్పుతున్నారు సార్?" టీవీ ప్రకటనలో ఇదే కారు అడవిలో దూసుకెళ్లి, వాగులో నీళ్లు చిమ్మి, కొండెక్కి సూర్యోదయం చూస్తుంది. మనం చర్ల దారిలో వెళ్లొస్తే అది రఫ్ యూజ్! అడవి రోడ్డు పనికిరాదని బుకింగ్ రోజు ఒక్కడూ చెప్పడు, ఊరు పేరు ఆధార్ కార్డులో చూసి కూడా.

ఖర్చుల లెక్క చెప్పి సాక్షాత్తు శ్రీరాముణ్ణే నిలదీసిన రామదాసుది మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. ఆ ప్రాంతం వాళ్లమై ఉండి "నార్మలన్న ఆ ముక్క కాగితం మీద రాసివ్వు బాబూ" అనడానికి మనకు మొహమాటం. బండి సర్వీసుకి ఇచ్చేటప్పుడు రాసే జాబ్ కార్డులో మన ఫిర్యాదు గడి ఉంటుంది. అందులో అడ్వైజర్ గారు "జనరల్ చెకప్" అని గిలికి సంతకం పెట్టమంటారు, మనం పెట్టేస్తాం. రేపు కోర్టులో ఆ కాగితమే మాట్లాడుతుంది, మన చెవులు కాదు.

కొత్త కారు ఇచ్చేస్తారని కలలు కనొద్దు. వారంటీ అంటే చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప కారు మార్చడం కాదని సుప్రీంకోర్టు 2006లోనే ఒక క్లచ్ కేసులో చెప్పింది. 2010లో ఫియట్ కారు కేసులో మాత్రం స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించమంది, తయారీ లోపమని తేలితే డబ్బు వాపసు ఇమ్మంది. అంటే లోపం ఉందో లేదో తేల్చాల్సింది పరీక్ష. అడ్వైజర్ గారి చెవి కాదు.

కాబట్టి "మూడో గేరులో, నలభై దాటితే కూత" అని మీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించండి. స్పీడోమీటర్ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయండి. నార్మల్ అంటే ఆ మాట రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న చోటే, రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. అయిదు నుంచి పది లక్షల కారుకు ఫీజు 200 రూపాయలు. భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చి నార్మలే అనిపించుకుని వెళ్లడానికి అంతకు మించి డీజిల్ అవుతుంది.