నిల్ రిటర్న్

నేను ఫారాలు నింపి పొట్టపోసుకునే మనిషిని. కూకట్‌పల్లిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పని. పదకొండో తేదీలోగా అమ్మకాల రిటర్న్, ఇరవయ్యో తేదీలోగా పన్ను రిటర్న్, మిగతా రోజుల్లో ఈ రెండిటి భయం. స్టీలు సామాన్ల సేఠ్ దగ్గర్నుంచి కర్రీ పాయింట్ ఆయన దాకా ఏ గడిలో ఏం రాయాలో, ఏది ఖాళీగా వదిలితే నోటీసు వస్తుందో నన్నే అడుగుతారు. అలాంటి నేను కిందటేడు జూన్‌లో ఒక గడి దగ్గర బోల్తా పడ్డాను. పాప ఆరో తరగతి అడ్మిషన్ ఫారం, రెండో పేజీ. తండ్రి పేరు, వృత్తి, ఫోన్ నంబరు, సంతకం.

పేరు రాశాను. దాంతో నాకు పేచీ లేదు. పిల్లకి తండ్రి లేడని నేనెప్పుడూ అనలేదు, ఎక్కడున్నాడో తెలియదన్నానంతే. వృత్తి దగ్గర కాసేపు ఆలోచించి గీత గీశాను. సంతకం చోట నా సంతకం పెట్టాను. కౌంటర్లో అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. నా సంతకాన్ని పురుగు పట్టిన బియ్యాన్ని చూసినట్టు చూశాడు.

"ఇది ఫాదర్ సంతకం మేడమ్."

"ఆయన రారు."

"సాయంత్రం వస్తారా?"

"వెళ్లి ఆరేళ్లయింది."

"అయితే శనివారం రమ్మనండి మేడమ్. ఒంటిగంట దాకా ఉంటాం."

విడాకుల డిక్రీ తీసి ముందు పెట్టాను. పాప తల్లి దగ్గరే ఉండాలని కోర్టు ముద్రతో సహా ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరి పేజీ దగ్గర అతని మొహం వెలిగింది. "సార్ సంతకం ఇందులో ఉంది కదా మేడమ్, ఇలాంటిదే ఇక్కడ కూడా..." అని నా పెన్ను వైపు ఆశగా చూశాడు. తల్లి అసలు సంతకం కన్నా తండ్రి దొంగ సంతకం మేలన్నమాట. చివరికి నా సంతకం కిందే 'ఫర్ ఫాదర్' అని రాయించుకుని వదిలాడు. పవర్ ఆఫ్ అటార్నీ లేకుండా ఇంకొకరి తరఫున సంతకం పెట్టడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదలు.

అబ్బాయిని తిట్టుకుని లాభం లేదు. చట్టం కూడా చాలాకాలం ఆ కౌంటర్లోనే కూర్చుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ చూడండి. పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన 'తరువాత' తల్లి. ఐదేళ్లు నిండేదాకా మాత్రం పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అక్కడే ఉంది. అంటే ముడ్డి కడిగే వయసులో తల్లి, సంతకం పెట్టే వయసులో తండ్రి. పని విభజన అంటే ఇదీ.

ఇంతకీ 'తరువాత' అంటే ఎప్పుడు? పోయాకనా, పారిపోయాకనా? గీతా హరిహరన్ అనే రచయిత్రి కొడుకు పేర బాండ్లు కొనబోతే రిజర్వ్ బ్యాంకు తండ్రి సంతకం తెమ్మంది. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళితే 1999లో తీర్పొచ్చింది. 'తరువాత' అంటే తండ్రి చచ్చిన తరువాత అనే కానక్కర్లేదు, ఆయన పట్టించుకోకుండా వదిలేసినా తల్లి సంరక్షకురాలేనని. ఒక్క మాట అర్థం కావడానికి 43 ఏళ్లు. 2022లో మన తెలుగువాళ్ల కేసే ఇంకొకటి. మొదటి భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకి ఏ ఇంటిపేరు పెట్టాలో తనే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. రెండో భర్తను కాగితాల్లో సవతి తండ్రి అని చూపించమన్న హైకోర్టు మాటను కొట్టేసింది. పాస్‌పోర్టుకి 2016 డిసెంబరు నుంచి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలు. తల్లి ఒక్కతే పెంచుతుంటే పాన్ కార్డుకి 2018 డిసెంబరు నుంచి తండ్రి పేరు అక్కర్లేదు. అంటే నా కూతురు ఈ దేశానికి పన్ను కట్టవచ్చు, ఈ దేశం దాటి పోవచ్చు. ఆరో తరగతి గడప మాత్రం శనివారం ఒంటిగంటలోపు తండ్రి వస్తేనే దాటాలి.

గౌతమీపుత్ర శాతకర్ణి ఆ కౌంటర్ ముందుకొస్తే ఏమయ్యేవాడా అని తిరుగు బస్సులో ఆలోచించాను. (ఉచిత బస్సే. సున్నా టికెట్ పట్టుకున్న ఆడదానికి ఆలోచించే తీరిక ఎక్కువని వెనక సీటాయన అననే అన్నాడు.) అమ్మ పేరు ముందు పెట్టుకుని దక్కను ఏలినవాడు ఆయన. ఆయన కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావిదీ అదే వరస. శాతకర్ణి ఘనత చాలావరకు తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో చెక్కించిన శాసనం వల్లే మనకు తెలిసింది. అంటే ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కూడా తల్లిదే. 2017 సంక్రాంతికి ఆయన మీద సినిమా వస్తే రెండు తెలుగు ప్రభుత్వాలూ వినోదపు పన్ను మాఫీ చేశాయి. థియేటర్లో ఈలలు వేసి, చొక్కాలు చించుకుని, మర్నాడు కౌంటర్లో కూర్చుని "ఫాదర్ ఎక్కడ మేడమ్" అని అడిగాం. తెర మీద తల్లి పేరు ఘనకీర్తి, ఫారంలో అదే పేరు లోపం.

నా వృత్తిలో ఈ తకరారు లేదు. ఆ నెల వ్యాపారం ఏమీ జరగకపోతే నిల్ రిటర్న్ వేస్తాం. ఏమీ లేదని ఒప్పుకోవడానికి ప్రభుత్వం ఒక గౌరవప్రదమైన దారి ఇచ్చింది. అది కూడా ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల లేటు ఫీజు. ఏమీ కొననివాడు, ఏమీ అమ్మనివాడు, 'ఏమీ లేదు' అని చెప్పడంలో ఆలస్యం చేసినందుకు! నెలనెలా వేయాల్సినవాడు వరసగా ఆరు నెలలు రిటర్న్ వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం శాఖకుంది. మా ఆయన, పూర్వపు ఆయన, ఆరేళ్లుగా ఏ రిటర్నూ వేయలేదు. తండ్రిగా ఆయన రిజిస్ట్రేషన్ చెక్కుచెదరలేదు.

భరణం సంగతీ అంతే. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. 'వీలైనంతవరకు' అనే మాట కూడా ఉంది. నా విషయంలో ఆ వీలు పద్నాలుగు నెలలకు కుదిరింది. ఎనిమిది వేలు వేశారు. మూడుసార్లు అందాయి, నాలుగోసారి నుంచి మనిషే అందలేదు. బకాయి పడిన ఏడాదిలోగా నేనే వెళ్లి దరఖాస్తు పెట్టుకోకపోతే ఆ బకాయికి వారంట్ పుట్టదు. ఎగ్గొట్టినవాడికి గడువు లేదు, అడిగేదానికి ఉంది. ఈ ఏర్పాటు మా సేఠ్‌కి వివరించాను. పన్నుల్లో ఇలాంటి సౌకర్యం ఎప్పుడొస్తుందమ్మా అన్నాడు.

ఇన్‌పుట్ క్రెడిట్ మాట చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. చేతిలో బిల్లుంటేనే, కొన్న సరుకు మీద కట్టిన పన్నుకే క్రెడిట్. బిల్లు లేకుండా వాడుకుంటే వడ్డీతో కక్కిస్తారు. పాపకి లెక్కల్లో 98 వచ్చాయి. అత్తవారి వైపు పెద్దమ్మగారొకరు పెళ్లిలో కనబడి, పాప బుగ్గ గిల్లి, "అచ్చం తండ్రి తెలివే" అని మురిసిపోయారు. రాత్రి పదింటికి అంట్లు తోముకుంటూ భిన్నాలు చెప్పింది నేను. ఆయనకి కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్క కూడా తేలేది కాదు. పది నిమిషాలయ్యాక అదే పిల్ల, రెండో జిలేబీ ఎందుకు వేయరని అడిగితే, అదే పెద్దమ్మగారు మూతి తిప్పి "తల్లి పెంపకం" అన్నారు. బిల్లు అడిగే అధికారి పెళ్లిళ్లలో ఉండడు.

ఇల్లు వెతుక్కోవడం గురించి రాస్తే నవలవుతుంది, ఒక్క సంభాషణతో సరిపెడతాను. 'ఫ్యామిలీకి మాత్రమే' అని బోర్డు.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"నేను, మా పాప, మా అమ్మ."

"ఓహో, ఫ్యామిలీ లేదన్నమాట."

ప్రభుత్వం కూడా ఇదే లెక్క వేసి నాలాంటివాళ్లకి 'ఒంటరి మహిళ' అని పేరు పెట్టింది. తెలంగాణలో 2017 నుంచి ఆ పేరుతో పింఛనుంది. వెయ్యితో మొదలై 2016 రూపాయలయింది. ఆ డబ్బుతోనే బియ్యం తెచ్చుకునే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి, దాన్ని వెక్కిరించే కడుపు నిండిన నోరు నాకు లేదు. నా పేచీ ఆ మాటతో. నేను బాత్రూములోకి వెళితే తలుపు కొట్టడానికి ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరికి జామెట్రీ బాక్సు కావాలి, ఇంకొకరికి బీపీ మాత్ర కావాలి. ఒక్క పూట, ఒకే ఒక్క పూట ఒంటరిగా కూర్చుని వేడివేడి ఉప్మా తిని ఎన్నాళ్లయిందో. ఆరేళ్లుగా ఎవరూ తలుపు కొట్టని మనిషి ఒకడున్నాడు. ఆయన్ని ఒంటరి పురుషుడని ఏ కాగితమూ రాయదు. పాపం, ఎలా వండుకు తింటున్నాడో అంటుంది మా పిన్ని.

ఆఫీసులో మాత్రం 'ఒంటరి' అనే మాటకి మంచి గిరాకీ. ఇరవయ్యో తేదీ రాత్రి సర్వర్ మొరాయిస్తే, "మీకేమండీ, ఇంట్లో అడిగేవాళ్లు లేరుగా, మీరు కూర్చోండి" అంటారు. ఏప్రిల్‌లో జీతాలు పెంచేటప్పుడు నా పక్క సీటు అతనికి నాకన్నా రెండు వేలు ఎక్కువ పెరిగింది. ఎందుకూ అంటే అతను సంసారి. నాకు ఖర్చులేముంటాయి, ఒంటరి మనిషిని. యాభైమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 2017లో చట్టం సవరించారు. మేం తొమ్మిదిమందిమి. పాప పాత లెడ్జర్ల మీద తలపెట్టుకుని నిద్రపోతూ పెరిగింది. అచ్చులు దిద్దకముందే వోచర్లు సర్దడం నేర్చుకుంది.

మళ్లీ ఆ ఫారం దగ్గరికి. తండ్రి ఫోన్ నంబరు గడిలో పది అంకెలు పడితే గాని కంప్యూటర్ ముందుకు కదలదన్నాడు కౌంటర్ అబ్బాయి. నా నంబరు ఇస్తే, అది తల్లి గడిలో ఉంది, రెండోసారి తీసుకోదన్నాడు. విసిగిపోయి, ఆయన వాడి వదిలేసిన పాత నంబరు చెప్పాను. ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి ఫోన్ కంపెనీవాళ్లు ఇంకొకరికి ఇస్తారు. నంబర్లకు పునర్జన్మ ఉందని అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

నవంబరులో పాపకి వైరల్ జ్వరం. బడికి మూడు రోజులు పోలేదు. మూడో రోజు మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్. "మేడమ్, సార్ ఫోన్ చేశారు. పాపకి ఎలా ఉందని అడుగుతున్నారు." నా చేతిలో ఉన్న రిటర్న్ ఎవరిదో కూడా మరిచిపోయాను. ఆ పాత నంబరుకి నేనే చేశాను.

"నేను తాపీ మేస్త్రినమ్మా, సిద్దిపేట దిక్కు" అంది అవతలి గొంతు, బెదురుగా. "ఈ సిమ్ము తీసుకున్న సంది మీ బడోళ్ల మెసేజ్‌లు వస్తున్నయి. మొదట్ల తీసేస్తుంటి. తర్వాత మా బిడ్డ చదివి చెప్పబట్టె. లెక్కలల్ల 98 వచ్చినయట గద, మా ఇంట్ల అందరికీ చెప్పిన. మూడు దినాల సంది రాలేదంటే మనసున పట్టలే. జరమా? ఇప్పుడు పానం మంచిగున్నదా?"

బాగానే ఉందన్నాను. డిసెంబరు ఫీజు గురించి కూడా మెసేజ్ వచ్చిందమ్మా, మరిచిపోయేవు, అన్నాడు.

మర్నాడు నంబరు మార్పిద్దామని స్కూలుకి వెళ్లాను. నన్ను చూడగానే కౌంటర్ అబ్బాయి లేచి నిలబడ్డాడు. ఆరు నెలల్లో మొదటిసారి కుర్చీ చూపించాడు.

"నిన్న సార్ ఎంత కంగారుపడ్డారో మేడమ్! ఇన్ని వందలమంది పిల్లల్లో ఫాదర్ ఫోన్ చేసి జ్వరం సంగతి అడగడం ఇదే మొదటిసారి" అన్నాడు. గొంతు తగ్గించి, నన్ను క్షమించినట్టు, "చూశారా, ఫాదర్ నంబరు కావాలని మేం పట్టుబట్టేది ఇందుకే" అన్నాడు.