ఎల్‌ఎస్ 600హెచ్‌కు ఒక స్తోత్రం

లెక్సస్ ఎల్‌ఎస్ 600హెచ్! నిన్ను పొగడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. 2007లో నువ్వు రోడ్డెక్కినప్పుడు వి8 ఇంజనూ ఎలక్ట్రిక్ మోటారూ కలిసి నడిపించే సెడాన్ లోకంలో ఇంకొకటి లేదు. ముందు దీపాలకు ఎల్‌ఈడీలు పెట్టుకుని అమ్మకానికొచ్చిన తొలి కారువీ నువ్వే. వెనక సీట్లో కూర్చున్నవారి ఒంటి వేడిని పరారుణ సెన్సర్లతో కొలిచి, దానికి తగ్గట్టు చల్లగాలి పంపించేదానివి. కాళ్లు చాపుకోవడానికి పీట, వీపు మర్దించే సీటు కూడా నీలో అమర్చారు. ఇంజన్ నడుస్తోందో ఆగిందో లోపలివారికి తెలిసేది కాదు. అంత నిశ్శబ్దాన్ని సాధించిన ఇంజనీర్లకు దండం పెట్టాల్సిందే.

నీ బలమూ చిన్నది కాదు. ఐదు లీటర్ల ఇంజనుకు మోటారు తోడై మొత్తం 438 హార్స్‌పవర్. ఒళ్లు చూస్తే 2,200 కిలోలకు పైమాటే. అయినా గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి నీకు ఆరు సెకన్లు పట్టవు. నీ శక్తిని పన్నెండు సిలిండర్ల కార్లతో పోల్చి అమ్మారు. పెట్రోలు పొదుపు చేయడానికి పుట్టిన హైబ్రిడ్ యంత్రంతో ఎంత పెద్ద ఇంజనుకైనా ఇంకాస్త బలం కలపవచ్చని నిరూపించినదానివి నువ్వు.

ఇక నీ పొదుపు సంగతి. 2008 మోడల్‌కు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన అంకెలు నా ముందున్నాయి. నీ తోబుట్టువు ఎల్‌ఎస్ 460కి హైబ్రిడ్ లేదు, పెట్రోలు ఇంజనొక్కటే. నగరంలో అది గ్యాలనుకు 16 మైళ్లు ఇస్తే, నువ్వు 20 ఇచ్చావు. అంటే లీటరుకు 6.8 కిలోమీటర్ల నుంచి 8.5కి పెంచావు. ఈ మెప్పు నీది, ఎవరూ కాదనలేరు. సిగ్నళ్ల దగ్గర బ్రేకు తొక్కినప్పుడు వృథా అయ్యే శక్తిని పట్టి బ్యాటరీలో దాచడం, కారు ఆగగానే ఇంజన్ను ఆపేయడం నువ్వు బాగా నేర్చినవే.

హైవే మీదకు రాగానే మాత్రం 460కి 24, నీకు 22. ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో సాగే దారిలో బ్రేకు నుంచి తిరిగి రాబట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోటార్లు, వెనక సీటు వెనక పెట్టిన నికెల్ బ్యాటరీ, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు, తోబుట్టువు కన్నా పెద్ద ఇంజను అన్నీ మోత బరువే. నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని పరుగుపందెంలో దిగినా రెండు మైళ్లే వెనకబడ్డావు. బ్యాటరీ కోసం డిక్కీలో చోటు కూడా వదులుకున్నావు. నగరం, హైవే రెండూ కలిపి సగటు తీస్తే నీకు 21, దానికి 19. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు కూడా నిండలేదు.

ఈ రెండు మైళ్ల తేడాకు ఎంత విలువో లెక్క కట్టాను. ఏడాదికి 24,000 కిలోమీటర్లు తిరిగే యజమానికి నువ్వు సుమారు 280 లీటర్లు మిగులుస్తావు. 2008 వేసవిలో అమెరికాలో గ్యాలను నాలుగు డాలర్లు దాటింది. ఆ ధర ప్రకారం చూసినా మిగులు ఏడాదికి 300 డాలర్లే. నీ ధర 1,04,000 డాలర్లు. పొడవాటి ఎల్‌ఎస్ 460 కన్నా 30,000కు పైగా ఎక్కువ. ఆ డబ్బులో నాలుగు చక్రాల ఏర్పాటుకూ అదనపు సొగసులకూ వాటా ఉంది, నిజమే. కానీ పెట్రోలు మిగులుతుందని నిన్ను కొన్నవాడికి పెట్టుబడి తిరిగి రావాలంటే నూరేళ్లు కావాలి.

నీ అసలు ఘనత లండన్‌లో చూడాలి. ఆ నగరం నడిబొడ్డుకు కారులో వచ్చేవారి నుంచి అప్పట్లో రోజుకు 8 పౌండ్లు వసూలు చేసేవారు. హైబ్రిడ్లకు మినహాయింపు ఉండేది కాబట్టి నువ్వు ఆ రుసుము కట్టకుండా దర్జాగా వెళ్లావు. కిలోమీటరుకు 219 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వదిలే కారువి నువ్వు. అదే వీధిలో 99 గ్రాములే వదిలే వోక్స్‌వ్యాగన్ పోలో బ్లూమోషన్ డబ్బు కట్టింది, ఎందుకంటే అది డీజిల్ కారు. నీకన్నా సగం పొగ కూడా వదలని చిన్నబండి వాడి జేబులోంచి డబ్బు తీసి, నిన్ను ఉచితంగా పంపించారు. చట్టం ఎక్కడ తప్పిందో చూపించినందుకు నీకు కృతజ్ఞతలు చెప్పాలి. 2011 జనవరి నుంచి హైబ్రిడ్ అన్న పేరు చూడడం మాని 100 గ్రాముల హద్దు పెట్టారు. ఆ హద్దు ముందు నువ్వు నిలబడలేకపోయావు.

మొనాకో పాలకుడు రెండో ఆల్బర్ట్ 2011 జూలైలో తన పెళ్లి ఊరేగింపుకు నిన్నే ఎంచుకున్నాడు. మెల్లగా కదలడం, ఆగడం, మళ్లీ కదలడం; నీ హైబ్రిడ్ గుణానికి సరిపడే పని అదే.

నీ ఇంట్లోనే ప్రియస్ అనే హైబ్రిడ్ కారు ఉంది. దాని 2008 మోడల్‌కు ఈపీఏ ఇచ్చిన సగటు 46 మైళ్లు. దానికున్న విద్యే నీకూ ఉంది. దాన్ని పొదుపుకు కాక బలానికి ఖర్చుపెట్టారు. నీ తర్వాత వచ్చిన ఎల్‌ఎస్ 500హెచ్ మూడున్నర లీటర్ల వి6తో 28 మైళ్లు ఇచ్చింది. విలాసం తగ్గలేదు, ఇంజన్ చిన్నదైంది. అంటే నీ కాలంలోనూ దారి ఉంది, నీ కోసం ఆ దారి ఎంచుకోలేదు.

లండన్‌లో లాగే పేరు చూసి రాయితీ ఇవ్వడం మన దేశంలోనూ జరిగింది. విద్యుత్, హైబ్రిడ్ బండ్లకు సబ్సిడీ ఇవ్వడానికి 2015లో మొదలైన ఫేమ్ పథకం కింద, మోటారు ఒంటరిగా బండిని నడపలేని మైల్డ్ హైబ్రిడ్లకూ సబ్సిడీ అందింది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. హైబ్రిడ్లకు పన్ను తగ్గించాలన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. తగ్గించేవారు బండి వెనక అంటించిన పేరు చూసి కాక, కిలోమీటరుకు ఎన్ని గ్రాములో చూసి తగ్గించాలి. కొనేవారికి నా మనవి ఒకటే: అదే బండి హైబ్రిడ్ లేకుండా ఊళ్లో ఎంతిస్తుందో, హైవే మీద ఎంతిస్తుందో షోరూములో అడిగి, రెండు అంకెలూ పక్కపక్కన రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి.